నీటిబల్లుల వాళ్ల హాజరు పట్టీ

వీర్రాజు చొక్కాకి చెమట అంటడం లేదన్న సంగతి ఉదయలక్ష్మి బట్టలు నానబెడుతూ కనిపెట్టింది. ఏప్రిల్ నెల ఎండలు. లక్డీకాపూల్‌లో ఆఫీసు వదిలాక సిటీబస్సులో నిలబడి పంజాగుట్ట దాకా వచ్చే మనిషి. ఆ చొక్కా వీపున ఉప్పు చారలు తెల్లగా కట్టి ఉండాలి. పాతికేళ్లుగా ప్రతి వేసవీ కట్టాయి. ఈ వారం కట్టలేదు. పైగా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో చల్లటి వాసన వేసింది, తలుపులు బిగించి ఏసీ వేసిన గదిలో గంటలకొద్దీ కూర్చుంటే బట్టకి పట్టే వాసన.

ఆవిడ చొక్కాని బకెట్లో ముంచేసి, కాలరు మీద సబ్బు గట్టిగా రుద్దింది. రుద్దుతున్నంతసేపూ మనసు టైములు వేసుకుంటూనే ఉంది. ఆఫీసు అయిదున్నరకి వదులుతారు. ఆరుంబావుకి మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడేది. ఇప్పుడు ఏడున్నర అవుతోంది.

"ఏంటండీ, ఇంత ఆలస్యం?" అని మొన్న ఒకసారి అడిగింది.

"పనుంది" అన్నాడు, చెప్పులు గోడవారగా సర్దుతూ.

మార్చి నెలాఖరు అంటే నమ్మేది. ఇది ఏప్రిల్.

వీర్రాజు అబద్ధం చెప్పగలడని ఆవిడకి ఏ రోజూ తోచలేదు. ఆయన ఆఫీసులో హాజరు పట్టీ చూసే గుమస్తా. పదిన్నర దాటి పది నిమిషాలు కాగానే పట్టీ దగ్గరికి లాక్కుని, రానివాళ్ల గడుల్లో ఎర్రసిరాతో అడ్డగీత గీసేస్తాడు. ఆఫీసరుగారి బావమరిది గడి అయినా అంతే. ఒకసారి బస్సు దొరక్క తనే ఆలస్యంగా వెళ్లి, తన గడిలో తనే ఎర్రగీత గీసుకుని వచ్చాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ భావన పొలమారేదాకా నవ్వింది. "నాన్న రేపు తన మీద తనే మెమో ఇచ్చుకుంటాడే అమ్మా, దానికి తనే సంజాయిషీ రాసుకుంటాడు చూడు" అంది.

భావన వాళ్ల ఒక్కగానొక్క పిల్ల. పోయి ఏడాదిన్నర దాటింది.

ఉదయలక్ష్మి పుట్టింది అత్తిలి దగ్గర ఒక పల్లెలో. అయిదో తరగతితో చదువు ఆపేశారు. పెళ్లయి హైదరాబాదు వచ్చేనాటికి పంజాగుట్టలో ఈ ఇంటి వెనక ఖాళీ జాగా, జామచెట్లు, పొద్దుటే గేదెల పాలు. ఇప్పుడు ఆ జాగాలో మూడు హాస్టళ్లు లేచాయి. అమీర్‌పేట వైపు నడిస్తే మేడ మేడకీ బోర్డులే, జావా అని, ఒరాకిల్ అని. ఫుట్‌పాత్ మీద మనిషి ఖాళీ చేతులతో నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. ఊళ్లో ఆడపిల్లలూ మగపిల్లలూ అంతా ఆ మెట్లే ఎక్కుతుంటే, భావన మాత్రం జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, నీటిబల్లుల వెంట పడింది.

నీటిబల్లులన్న పేరు ఉదయలక్ష్మి పెట్టింది. భావన సాలమాండర్ అనీ న్యూట్ అనీ ఏవో చెప్పేది. "బల్లులు కావే అమ్మా, కప్పలకి చుట్టాలు. తోక ఉన్న కప్పలనుకో" అనేది. మన దేశంలో డార్జిలింగ్, ఇంకా ఆ తూర్పు కొండల వైపు తప్ప దొరకవట. చలికాలమంతా రాళ్ల కింద దాక్కుని, వానలు పడగానే కుంటల్లోకి దిగుతాయట. అక్కడివాళ్లు నీటికుక్క అంటారట. కాలు తెగినా మళ్లీ మొలుస్తుందట. ఇవన్నీ పిల్ల కళ్లు మెరిపించుకుంటూ చెబుతుంటే తల్లి చిక్కుళ్లు ఒలుస్తూ ఊ కొట్టేది.

ఆ జంతువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలకి ఇంటర్నెట్టులో ఒక గుంపు ఉండేది. ఏ దేశంలో ఉన్నవాళ్లయినా ఒక ఉత్తరం రాస్తే గుంపులో అందరికీ అందుతుంది. ఒకరు అడుగుతారు, పదిమంది జవాబిస్తారు, ఇద్దరు పోట్లాడుకుంటారు. భావన అమీర్‌పేటలో నెట్ సెంటరుకి వెళ్లి వాటిని చదివేది, తనూ రాసేది.

"అరుగు లాంటిదమ్మా. సాయంత్రం అందరూ వచ్చి కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే."

"అరుగు మీద మనిషి మొహం కనబడుతుంది. వీళ్ల మొహాలు నువ్వు చూశావా?"

"మొహాలెందుకే, కుంటలు తెలుసుగా" అని నవ్వేది భావన. వాళ్లలో అదొక పద్ధతట. ఉత్తరం చివర పేరు, దాని కింద ఊరి పేరు బదులు తను చూసే కుంట పేరు రాసుకుంటారు. డార్జిలింగ్ దగ్గర టీతోట దిగువన ఒక కుంట భావనది. రెండు వానాకాలాలు అక్కడే ఉండి, రోజూ పొద్దున ఆ నీటిబల్లుల్ని లెక్కపెట్టింది. రెండో వానాకాలం సగంలో జ్వరంతో రైలు దిగింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. పదో రోజు లేదు.

అప్పట్నుంచీ ఆ గుంపంటే ఉదయలక్ష్మికి గిట్టదు. మొహం తెలియని వాళ్లు అడిగారనే కదా పిల్ల వానలో, బురదలో, ఒంట్లో బాగోకపోయినా నిలబడింది అని ఆవిడ నమ్మకం. ఇంతకుముందు గోడమీద బల్లి పలికితే వేలితో నేల తట్టి కృష్ణా కృష్ణా అనుకునేది. ఆ అలవాటు మానేసింది. పలికినా విననట్టే ఊరుకుంటుంది.

చొక్కా వాసన చూసిన మర్నాడు, ఉతకబోయే ముందు జేబు తడిమింది. మడతపెట్టిన చిన్న కాగితం. ఆయన దస్తూరీయే, గుండ్రటి తెలుగు అక్షరాలు.

'రూత్‌కి ఏం చెప్పాలి? ఇంకెన్నాళ్లు దాచడం? గురువారం లోపల తేల్చాలి.'

ఉదయలక్ష్మి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేదు. స్టవ్ మీద పప్పు మాడు వాసన వచ్చేదాకా అక్కడే నిలబడింది.

కాసేపటికి ఇంకో సంగతి బయటపడింది. భావన బీరువాలో కింది అరలో నీలం అట్ట పుస్తకం ఒకటి ఉండాలి. కొండల మీద రాసుకున్న లెక్కల పుస్తకం. ఆస్పత్రి నుంచి సామాన్లు తెచ్చినప్పుడు వీర్రాజే అందులో పెట్టి తాళం వేశాడు. ఉదయలక్ష్మి దాన్ని తెరవలేదు, తెరిచే ధైర్యం చాలక. అప్పుడప్పుడూ బీరువా తీసి అట్ట మీద చెయ్యి వేసి మూసేసేది. ఇప్పుడు ఆ అర ఖాళీగా ఉంది.

మొగుడు ఆలస్యంగా రావడం వేరు. పిల్ల వస్తువు ఇంట్లోంచి పోవడం వేరు.

కింది వాటాలో ఇంటి ఓనరు స్వరాజ్యం ఉంటుంది. వరంగల్ వైపు మనిషి, మాట గట్టిది, మనసు మంచిది. ఉదయలక్ష్మి కొళాయి దగ్గర ఊరికే నిలబడి ఉండటం చూసి, బిందె పక్కకి పెట్టి అడిగింది.

"ఏమైంది అక్కా, నీళ్లు పొంగిపోతున్నయ్ సూస్త లేవు."

"స్వరాజ్యం, రూత్ అని ఎవరన్నా తెలుసా మన వైపు?"

"రూతా? కిరస్తానమామె అయ్యుంటది. అమీర్‌పేటల లేడీస్ హాస్టల్ నడిపేటామె పేరు గదే అనుకుంట. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవలు అడుగరు అక్కా." స్వరాజ్యం కళ్లు చిన్నవి చేసింది. "మీ సారు ఈ నడుమ పొద్దువోయినంక వస్తుండు గద. నేను సూస్తనే ఉన్న."

"ఆఫీసు పని అంటున్నారు."

"మా ఆయన సుత ఒక యాడాది ఆఫీసు పనే అన్నడు. పోయి సూస్తే కృష్ణానగర్‌ల పేకాట ఆఫీసు." నవ్వబోయి ఆపుకుంది. "మీ సారు గసొంటోడు గాదులే. గని మనసుల పెట్టుకొని ఎండిపోవుడు ఎందుకు? బస్సు దిగి యాడికి పోతుండో నీ కండ్లతోని సూసుకో. ఉంటే ఉన్నట్టు తెలుస్తది, లేకుంటే లేనట్టు తెలుస్తది."

మొగుడి వెనకాల నడవడమా అని ఉదయలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. కానీ కాగితంలో గురువారం అని ఉంది. ఆ రోజు బుధవారం.

అయిదుమ్ముప్పావుకి వంటింటి చీర మార్చుకోకుండానే పంజాగుట్ట చౌరస్తాకి వెళ్లి, బస్టాపు ఎదురుగా పూలబండి చాటున నిలబడింది. బస్సు వచ్చింది. వీర్రాజు దిగాడు. చంకలో సంచీ ఉంది. సంచీ నలుచదరంగా పొంగి ఉంది, లోపల పుస్తకం ఉన్నట్టు. ఇంటి వైపు తిరగాల్సిన మనిషి తిరగలేదు. అమీర్‌పేట రోడ్డు పట్టాడు.

ఆవిడ వెనకాలే నడిచింది. ఆయన ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. తప్పు చేసేవాడు వెనక్కి చూస్తాడు కదా అని ఒక మనసు. అలవాటైపోయిన తప్పయితే చూడడు అని ఇంకో మనసు. కరపత్రాలు పంచేవాళ్లు ఆయన్ని ఆపలేదు, రోజూ చూసే మొహమే అన్నట్టు దారిచ్చారు. ఒకచోట లేడీస్ హాస్టల్ బోర్డు కనబడింది. సరిగ్గా దాని గేటు ముందు వీర్రాజు ఆగాడు. ఉదయలక్ష్మి కరెంటు స్తంభం చాటుకి జరిగింది. ఆయన వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. లేచి మళ్లీ నడిచాడు.

మైత్రీవనం దాటాక ఒక సందులో, కంప్యూటర్ కోచింగ్ సెంటరు పక్కనున్న మెట్లెక్కి లోపలికి పోయాడు. పైన బోర్డు మీద తెలుగులో కూడా రాసి ఉంది, ఇంటర్నెట్ అని. భావన వచ్చిన చోటు ఇదే అయ్యుండాలి అని ఆవిడకి మెట్ల మధ్యలో తోచింది. తోచగానే అనుమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పిల్ల వచ్చిన చోటికి, పిల్ల పుస్తకం పట్టుకుని, ఇంట్లో చెప్పకుండా వస్తున్నాడు.

పైన చల్లటి గాలి మొహానికి కొట్టింది. చొక్కాలో ఉన్న వాసన అదే. వరసగా చెక్క క్యాబిన్లు, వాటికి సగం తలుపులు. గల్లా దగ్గర ముప్ఫై ఏళ్ల మనిషి రేడియో పాటకి కాలు ఆడిస్తూ కూర్చున్నాడు. ఆ సెంటరు ఓనరు, రాఘవేందర్.

"రాండ్రి అమ్మా. రిజల్ట్స్ సూడాల్నా? హాల్‌టికెట్ నంబర్ జెప్పుండ్రి."

"కాదు బాబూ. ఇప్పుడే వచ్చారే, గళ్ల చొక్కా ఆయన..."

"భావనా వాళ్ల నాయినా? ఏడో క్యాబిన్‌ల ఉన్నడు. మీరేమైతరు?"

ఎవరో పరాయి మనిషి నోట పిల్ల పేరు విని ఎంత కాలమైంది. ఉదయలక్ష్మి గల్లా బల్ల పట్టుకుంది. "భార్యని" అంది.

"అయితే భావనా వాళ్ల అమ్మ మీరు. కూసోండ్రి జర, నిలవడ్డరేంది." రాఘవేందర్ లేచి స్టూలు జరిపాడు. "గామె మస్తు మంచి పిల్ల అమ్మా. గిరాకీ లేనప్పుడు నాకు సుత క్లాసు చెప్పేది, తోకున్న కప్పలు, తోక లేని కప్పలు అనుకుంట. గా కొండల దిక్కే నౌకరీ దొరికిందట గద. సారు చెప్పిండు. గంటలకి పైసలు కట్టిన గామె కార్డు మీదనే సారు కూసుంటడు."

బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. వచ్చినవాళ్లు పేరు, టైము రాయాలి. ఉదయలక్ష్మికి ఇంగ్లీషు రాదు. కానీ భావన చిన్నప్పుడు స్కూలు పుస్తకాల అట్టల మీద పేరు రాయడానికని, ఆ ఏడక్షరాలూ వీర్రాజు దగ్గర దిద్ది నేర్చుకుంది. ఆ పేజీలో ఆ ఏడక్షరాలు వరసగా ఉన్నాయి. ప్రతి సాయంత్రం. ఆయన దస్తూరీతో.

"బిడ్డ మంచిగున్నదా అమ్మా?" రాఘవేందర్ అడిగాడు.

ఇదేం ప్రశ్న, ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ఆవిడ నోరు తెరిచింది. అతను ఎదురు చూస్తున్నాడు, నవ్వు మొహంతో.

"ఆ. బాగానే ఉంది బాబూ" అంది ఉదయలక్ష్మి.

అని, తన గొంతు తనకే కొత్తగా వినబడి, గబగబా ఏడో క్యాబిన్ వైపు నడిచింది.

సగం తలుపు మీదుగా చూస్తే వీర్రాజు ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా కంప్యూటరు తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు. ఒళ్లో నీలం అట్ట పుస్తకం. చేతులు మీటల మీద పెట్టి ఉన్నాయి, కదలడం లేదు. టైపు పరీక్ష పాసైన మనిషి, ఆఫీసులో ఆ చేతులు టకటకలాడతాయని పేరు.

"రూత్ ఎవరండీ?" అంది ఆవిడ, తలుపు తోసుకుని.

వీర్రాజు ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆశ్చర్యంగా, బరువు దించుకున్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"నువ్వు ఎలా వచ్చావు?"

"మీ వెనకాలే. ఎవరావిడ?"

"ఈ గుంపుకి పెద్ద. ఎక్కడో విదేశంలో ఉంటుంది. అరవై దాటిన మనిషి. భావన చెప్పేది కాదూ, రూత్ అలా అంది, రూత్ ఇలా అంది అని."

భావన చెప్పే ఉంటుంది. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ విని ఉండదు.

"పిల్ల కొండల మీద ఉద్యోగం చేస్తోందని గల్లా దగ్గర అతనికి చెప్పారట."

వీర్రాజు తల దించుకున్నాడు.

"ఇంకా ఎంతమందికి చెప్పారు?"

"ఈ గుంపంతటికీ" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు, అటూ ఇటూ క్యాబిన్లలో పిల్లలు ఉన్నారని.

"పిల్ల పోయిన నెల రోజులకి, వాళ్లకి కబురు చెబుదామనే వచ్చాను ఉదయా. దాని పుస్తకం వెనక అట్ట మీద అన్నీ రాసి పెట్టుకుంది, తన ఉత్తరాల పెట్టె ఎలా తెరవాలో. తెరిస్తే పైనే ఒక ఉత్తరం ఉంది. మనిషి రాసింది కాదు, మిషను పంపేది. ఆర్నెల్లకోసారి గుంపులో అందరికీ వెళుతుందట. ఉన్నారా, ఉంటే ఉన్నానని జవాబు పంపండి, ఏడు రోజుల్లో జవాబు రాకపోతే పేరు తీసేస్తాం అని. పనికిరాని పేర్లు పేరుకుపోకుండా వాళ్ల పద్ధతి అది."

"అయితే?"

"నేను వచ్చింది ఏడో రోజు. ఆ పూటతో పేరు పోతుంది." వీర్రాజు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. "రేషన్ కార్డులో నేనే తీయించాను దాని పేరు. యూనివర్సిటీలో నేనే సంతకం పెట్టాను. ఒక్కచోటన్నా నా చేత్తో కొట్టెయ్యకుండా ఉంటే బాగుండు అనిపించింది. ఉన్నాను అని పంపేశాను."

"ఒక్కసారా?"

"మూడుసార్లు. ఇది నాలుగోది. రేపటితో గడువు."

ఉదయలక్ష్మి ఆయన్ని అలాగే చూసింది. "పాతికేళ్లు ఒకడి హాజరు ఇంకొకడి చేత వెయ్యనివ్వని మనిషి మీరు."

"తెలుసు."

తిడదామనుకుంది. చచ్చిపోయిన పిల్ల చేత అబద్ధం ఆడించారే అందామనుకుంది. గల్లా దగ్గర తను అన్న మాట గుర్తొచ్చింది. అయిదు నిమిషాలైనా కాలేదు ఆ మాట అని.

"మరి ఇన్నాళ్లూ లేనిది ఈ వారం రోజూ ఎందుకొస్తున్నారు?"

"ఈసారి మిషనుతో పాటు రూత్ కూడా విడిగా రాసింది." ఆయన తెర వైపు తిరిగి, ఒక్కో వాక్యం తెలుగు చేసి వినిపించాడు. భావనా, నీ జవాబు ఆర్నెల్లకోసారి వస్తోంది కాబట్టి ఉన్నావని తెలుస్తోంది. కానీ ఇంతకాలంగా నీ కుంట సంగతి ఒక్క ముక్క రాయలేదు. మాలో ఎవరి మాటకైనా నొచ్చుకున్నావా? ఆ కుంట లెక్కలు నీ దగ్గర తప్ప ఎక్కడా లేవు. రాయి.

"అదీ సంగతి" అంది ఉదయలక్ష్మి. "లెక్కలు కావాలి ఆవిడకి. పిల్ల కాదు."

"నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకే పంపలేదు. రోజూ పుస్తకం తెస్తాను. పంపేద్దామని కూర్చుంటాను. మళ్లీ సంచీలో పెట్టుకుని ఆఫీసు బీరువాలో దాచేస్తాను."

"ఆఫీసులో ఎందుకు? ఇంట్లో ఉన్న వస్తువు."

వీర్రాజు పుస్తకం మీద రెండు చేతులూ వేశాడు. ఆ వేసిన తీరు ఉదయలక్ష్మికి నచ్చలేదు. ఇంకా ఏదో ఉంది. చెయ్యి చాచింది.

"ఇవ్వండి."

"ఉదయా, వద్దు."

"ఇవ్వండీ."

ఇచ్చాడు. పేజీలన్నీ అంకెలు, ఇంగ్లీషు మాటలు, అక్కడక్కడ తోక ఉన్న చిన్న చిన్న బొమ్మలు. ఆవిడ ఏదీ ఆగి చూడకుండా చివరి రాతకి వచ్చింది. ఆ పేజీ అంచున, అంకెల పక్కన, తెలుగులో రెండు ముక్కలు ఉన్నాయి. పెన్సిలుతో.

'మళ్లీ ఒళ్లు వెచ్చగా ఉంది, ఆరో రోజు. అమ్మకి ఫోన్లో చెప్పకూడదు, వచ్చెయ్యమంటుంది.'

పక్క క్యాబిన్‌లో ఎవరో కుర్రాళ్లు దేనికో నవ్వుతున్నారు. ఉదయలక్ష్మి ఆ పెన్సిలు గీతల మీద బొటనవేలు పెట్టింది, చెరిగిపోతాయేమో అని మళ్లీ తీసేసింది. ఆ గుంపువాళ్లు పిల్లని వానలో నిలబెట్టారని ఏడాదిన్నరగా తిట్టుకుంది. పిల్ల తనంతట తనే నిలబడింది. తల్లికి తెలియకుండా.

"అందుకే దాచాను" అన్నాడు వీర్రాజు. "నువ్వు చూస్తే..."

"అందరూ నాకు చెప్పకూడదనే అనుకుంటారు" అంది ఆవిడ. ఏడవలేదు. కొంగుతో పుస్తకం అట్ట తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఇంటి విషయం ఏదో అడిగినట్టు మామూలుగా అడిగింది.

"మీ ఆఫీసులో ఎవరన్నా పోతే పట్టీలో పేరు ఏం చేస్తారు? కొట్టేస్తారా?"

"కొట్టెయ్యం. అది తప్పు. పేరు ఎలా ఉన్నది అలా ఉంచి, గడిలో ఎర్రసిరాతో చనిపోయారని రాసి, తేదీ వేస్తాం. ఆ పుస్తకం ఉన్నంతకాలం పేరుంటుంది."

"అయితే అదే రాయండి ఆవిడకి."

వీర్రాజు ఆవిడ వైపు చూశాడు. "రాస్తే రేపు మిషనుకి జవాబు వెళ్లదు. పేరు తీసేస్తుంది."

"తీసెయ్యనివ్వండి. లేని పిల్లని ఉన్నానని ఎన్నిసార్లు పలికిస్తారు? దానికి అబద్ధం రాదు." అనేసి, పెన్సిలు రాత గుర్తొచ్చి ఆగింది. "మనతో తప్ప" అంది.

ఆయన చేతులు కదిలాయి. ఎప్పుడు పోయింది, ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉంది, ఇన్నాళ్లూ జవాబు పంపినది తండ్రి అని, తప్పు తనదని. హాజరు పట్టీ పద్ధతి కూడా రాశాడు. పంపబోతుంటే ఉదయలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

"లెక్కల సంగతి ఎత్తకండి. మన దగ్గర ఉన్నాయని కానీ, లేవని కానీ రాయొద్దు. ఆవిడ ముందు ఏం అడుగుతుందో చూద్దాం."

"అనుమానం మనిషివి" అన్నాడు వీర్రాజు. ఏడాదిన్నర తర్వాత ఆయన మొహంలో నవ్వులాంటిది కదిలింది.

శనివారం సాయంత్రం ఆయన ఏడింటికే ఇంటికొచ్చాడు, జవాబు వచ్చిందంటూ. వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. రూత్ లెక్కల మాట ఎత్తలేదు. చివరి రోజుల్లో పిల్ల దగ్గర ఎవరున్నారు, తల్లి ఎలా ఉంది అని అడిగింది. మొదటి ఉత్తరంలో భావన అడిగిన ప్రశ్న ఏమిటో తనకి ఇంకా గుర్తుందని రాసింది. గుంపులో ఇంకో పాతికమంది రాశారు, ఒక్కొక్కరూ కింద తమ కుంట పేరు వేసి. మిషను గురువారమే పేరు తీసేసిందట. కానీ గుంపుకి ఒక పేజీ ఉంటుంది, ఏ కుంట ఎవరు చూస్తున్నారో రాసే పేజీ. అందులో భావన కుంట ఎదురుగా పేరు అలాగే ఉంచి, పక్కన తేదీ వేయించిందట రూత్. మీ ఆఫీసు పద్ధతి మాకు లేకపోవడం మా తప్పు అందట.

ఉదయలక్ష్మి పోపు గరిటె ఆపి విన్నది. అంతా చక్కగా ఉంది. మరీ చక్కగా ఉంది. ఏడాదిన్నరపాటు నెట్ సెంటరు అతనికీ, ఒక గుంపు జనానికీ పిల్ల ఉందని చెప్పగలిగిన మనిషి, పెళ్లాం ఊరట కోసం ఇంకో ఉత్తరం కల్పించలేడా?

"మంచిది" అంది.

సోమవారం ఆయన ఆఫీసుకి వెళ్లాక, మధ్యాహ్నం రెండింటికి తాళం వేసి బయల్దేరింది. కొళాయి దగ్గరి నుంచి స్వరాజ్యం కేకేసింది. "యాడికి అక్కా? దొరికిందా రూతమ్మ?"

"దొరికింది. చూడ్డానికే వెళుతున్నాను."

స్వరాజ్యం నోరు తెరుచుకుని నిలబడింది.

నెట్ సెంటరులో ఆ వేళకి జనం లేరు. రాఘవేందర్ స్టూలు జరిపాడు. ఉదయలక్ష్మి భావన పుస్తకం బల్ల మీద పెట్టి, వెనక అట్ట చూపించింది.

"ఇందులో ఉన్నట్టు తెరిచి, ఆ నీటిబల్లుల వాళ్ల పేజీ చూపిస్తావా బాబూ? కుంటల పేర్లు ఉంటాయట."

అతను గల్లా కంప్యూటరులోనే తెరిచి, తెర ఆవిడ వైపు తిప్పాడు. పొడుగాటి పట్టీ. అన్నీ పరాయి అక్షరాలు. ఆవిడ తెరకి దగ్గరగా వంగి, వేలితో ఒక్కో వరసా కిందికి దిగింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. అతను నెమ్మదిగా పేజీ జరుపుతూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

ఏడక్షరాలు. అన్నీ ఉన్నాయి. వాటి పక్కన అంకెలు. తొమ్మిది, తొమ్మిది, రెండువేల ఒకటి. అంకెలు ఏ భాషలోనైనా అవే. ఆ అంకెలు వీర్రాజు కల్పించగలడు కానీ, ఈ తెరలో తెచ్చి పెట్టలేడు.

రాఘవేందర్ కూడా వంగి చూశాడు. "భావనా పేరే గదమ్మా. పక్కన గీ తేదీ ఏంది? నౌకరీల చేరిందా?"

"కాదు బాబూ." ఉదయలక్ష్మి వేలు తియ్యలేదు. "ఆ రోజు అమ్మాయి పోయింది. జ్వరం వచ్చి."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "మొన్న మీరు మంచిగున్నదన్నరు గద."

"అన్నాను. అబద్ధం చెప్పాను."

రాఘవేందర్ చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. బల్ల సొరుగు లాగి మూశాడు. "గామె కార్డు నా దగ్గర్నే ఉన్నదమ్మా. తీసుకపోతరా?" అన్నాడు.

"ఉండనీ. రేపు వాళ్ల నాన్నగారితో కలిసి వస్తాను. ఈ లెక్కలన్నీ వాళ్లకి పంపాలి. ఆయన టైపు కొడతారు, నేను చదివి... అంకెలు నేను చదువుతాను."

వెళ్లబోతుంటే అతను మొహమాటంగా రిజిస్టరు ముందుకు జరిపాడు. "ఏమనుకోకుండ్రి. వచ్చినోళ్లు పేరు రాయాలె. రూలు."

పేజీలో పై వరసల్లో ఆ ఏడక్షరాలు వీర్రాజు దస్తూరీతో, బుధవారం దాకా ఉన్నాయి. శనివారం వరసలో మాత్రం ఆయన సొంత పేరు, తెలుగులో. ఉదయలక్ష్మి పెన్ను తీసుకుని, ఖాళీ వరసలో తన పేరు తెలుగులో రాసింది. చిన్నప్పటి పలక రాత, అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పోయాయి. టైము దగ్గర ఏం వెయ్యాలో తెలియక, తల ఎత్తి గోడ గడియారం వైపు చూసింది.